చింతపండు పులుపూ విమానం రెక్కా

మిగిలిన చారు సిల్వర్ గిన్నెలో రాత్రంతా ఉంచొద్దని తెలుగిళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఉంచితే ఏమవుతుందో పాత గిన్నె అడుగు చూస్తే చాలు. గుండుసూదితో పొడిచినట్టు సన్నని గుంటలు, వాటి చుట్టూ బూడిదరంగు మచ్చలు. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. ఇళ్లలో సిల్వర్ అని పిలిచే ఆ లోహం అల్యూమినియం. చారులోని పులుపు దాని ఒంటి మీది పలచని పొరను కరిగించింది. ఉప్పు తోడై, లోపలి లోహాన్ని చుక్కచుక్కగా తొలిచింది.

గిన్నెకు చిల్లు పడితే మాటు వేయించుకోవచ్చు, లేదంటే పాతసామాన్లవాడికి వేసేయొచ్చు. అదే లోహాన్ని ఆకాశంలో ఉన్నప్పుడు తుప్పు తినేస్తే ఎలా ఉంటుందో 1988 ఏప్రిల్ 28న ప్రపంచం చూసింది.

ఆ మధ్యాహ్నం అలోహా ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి హవాయి దీవుల్లోని హిలో నుంచి హొనొలులుకు బయల్దేరింది. అది బోయింగ్ 737. లోపల 95 మంది ఉన్నారు. 24,000 అడుగుల ఎత్తుకు చేరగానే ముందు భాగంలో పైకప్పు దాదాపు 18 అడుగుల పొడవున ఊడి గాలికి కొట్టుకుపోయింది. సీట్ల మధ్య దారిలో నిలబడి ఉన్న విమాన సిబ్బందిలో ఒకామె గాలి ఉధృతికి బయటికి కొట్టుకుపోయింది. ఆమె దేహం దొరకలేదు. బెల్టులు పెట్టుకుని కూర్చున్నవాళ్లు నెత్తిన ఆకాశం, ముఖాన చలిగాలితో పదమూడు నిమిషాలు గడిపారు. పైలట్లు విమానాన్ని మావి దీవిలోని కహులూయి విమానాశ్రయంలో దించారు. మిగిలిన 94 మందీ బతికారు. విమానం ఎక్కేటప్పుడు తలుపు దగ్గర రేకులో పగులు కనిపించిందనీ, ఎవరికీ చెప్పలేదనీ ఒక ప్రయాణికురాలు తర్వాత దర్యాప్తు అధికారులకు చెప్పింది.

ఆ విమానం వయసు 19 ఏళ్లు. అప్పటికి అది 89,680 సార్లు ఎగిరి దిగింది. దీవికీ దీవికీ మధ్య అరగంటలోపు ప్రయాణాలు, చుట్టూ ఉప్పు గాలి. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్లు కొద్దిగా ఉబ్బుతుంది, దిగగానే సర్దుకుంటుంది. రేకు మీద రేకు కప్పి అతికించే చోటును ల్యాప్ జాయింట్ అంటారు. తొలినాళ్ల 737లలో ఆ అతుకుకు జిగురు పట్టీ వేసి, దాని మీదుగా రివెట్లు కొట్టేవారు. బరువంతా జిగురు మోస్తుందని లెక్క. కొన్నిచోట్ల జిగురు సరిగా పట్టలేదు. ఆ సందులోకి తేమ పాకింది. తుప్పు పట్టిన అల్యూమినియం అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రేకుల్ని లోపలినుంచే ఎడం చేసింది. జిగురు మోయాల్సిన బరువు రివెట్ల మీద పడింది. రివెట్ రంధ్రాల అంచుల్లో కంటికి ఆనని పగుళ్లు మొదలయ్యాయి. వరుసలో పక్కపక్కనే ఉన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిన రోజున పైకప్పు లేచిపోయింది.

దీనికి ఏడేళ్ల ముందు, 1981 ఆగస్టు 22న తైవాన్‌లో మరో 737 గాలిలోనే ముక్కలై 110 మంది చనిపోయారు. జపాన్ రచయిత్రి కునికో ముకోదా వారిలో ఒకరు. ఒంటి అడుగుభాగాన్ని తుప్పు తీవ్రంగా తినేసిందని దర్యాప్తులో తేలింది. అయినా విమానయాన రంగం మేలుకోవడానికి అలోహా ఫొటోలే కావాల్సి వచ్చాయి. పైకప్పు లేని ఆ విమానం బొమ్మ లోకమంతా తిరిగాకే పాత విమానాల తుప్పును వెతికి పట్టి మందు వేసే కార్యక్రమాలు తప్పనిసరయ్యాయి.

విమానం రేకు గిన్నె రేకు లాంటిది కాదు. స్వచ్ఛమైన అల్యూమినియం తేలిక, ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములే. ఉక్కు 7.8 గ్రాములు. కానీ అది మెత్తన, చేత్తోనే వంచేయొచ్చు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహ శాస్త్రవేత్త అల్యూమినియంలో కాస్త రాగి, కొద్దిగా మెగ్నీషియం కలిపి, బాగా కాచి నీళ్లలో ముంచాడు. అప్పటికప్పుడు పెద్ద తేడా కనిపించలేదు. ఒకటిరెండు రోజులు వదిలేసి మళ్లీ పరీక్షిస్తే అదే ముక్క ఊహించనంత గట్టిపడి ఉంది. డ్యూరాలుమిన్ అలా పుట్టింది. జెప్పెలిన్ ఆకాశనౌకలు, 1919లో జంకర్స్ ఎఫ్-13 లోహ విమానం దానితోనే తయారయ్యాయి. ఈ రోజు విమానాల ఒంటికి వాడే 2024 అనే మిశ్రలోహం ఆ కుటుంబంలోదే. అందులో రాగి నాలుగు శాతానికి పైగా ఉంటుంది.

బలం ఇచ్చిన ఆ రాగే చేటు తెచ్చింది.

అల్యూమినియానికి పుట్టుకతో వచ్చిన కవచం ఒకటి ఉంది. గాలి తగిలిన మరుక్షణం దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. తలవెంట్రుకను పదివేల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరకు ఇంచుమించు సమానం. గీరినా క్షణంలో మళ్లీ పట్టేస్తుంది. ఈ పొరను పట్టనివ్వకపోతే ఏమవుతుందో పాదరసం చూపిస్తుంది. గీరిన అల్యూమినియం మీద ఒక్క బొట్టు పడితే చాలు, తెల్లటి పీచులాంటిది పైకి పెరుగుతూ లోహం కళ్లముందే హరించుకుపోతుంది. పాదరసం ఉన్న బారోమీటర్లు, థర్మామీటర్లు విమానంలోకి తీసుకెళ్లడం మీద అంత కట్టుబాటు ఉన్నది అందుకే.

రాగి కలిసిన మిశ్రమంలో ఈ కవచం అంతటా సమానంగా ఉండదు. రాగి ఎక్కువగా ఉన్న సన్నని రేణువులు లోహమంతా చెదురుగా ఉంటాయి. ఉప్పు తేమ చేరితే ప్రతి రేణువూ, దాని పక్కనున్న అల్యూమినియమూ కలిసి ఒక బుల్లి బ్యాటరీ అవుతాయి. ఆ బ్యాటరీలో కరిగేది అల్యూమినియం. చదరపు సెంటీమీటరులో అలాంటివి వేలకొద్దీ ఉంటాయి. వంటింటి గిన్నె కన్నా విమానం రేకే తుప్పుకు సులువుగా లొంగుతుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, లోహం బలానికి చెల్లించిన మూల్యం అది.

మొదటి పరిష్కారం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. వీధుల్లో తిరుగుతూ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు ఒకప్పుడు ప్రతి ఊరికీ వచ్చేవారు. పులుసు తగిలి ఇత్తడి కిలుము పట్టకుండా లోపల తగరం పూత వేసేవారు. 1920ల చివర్లో అమెరికాలోని ఆల్కోవా కంపెనీ ఇలాంటి పనే చేసింది. గట్టి మిశ్రలోహపు పలకకు రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలకలు పెట్టి, వేడిగా రోలర్ల మధ్య నొక్కి ఒకే రేకుగా మార్చింది. దాన్ని ఆల్‌క్లాడ్ అన్నారు. కళాయికీ దీనికీ ఒక తేడా ఉంది. కళాయి గీసుకుపోతే ఇత్తడి బయటపడి కిలుము మొదలవుతుంది. ఆల్‌క్లాడ్ గీసుకుపోయినా, చుట్టూ ఉన్న స్వచ్ఛమైన అల్యూమినియం తాను ముందు కరిగి లోపలి మిశ్రలోహాన్ని కాపాడుతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానాలు దశాబ్దాల తరబడి రంగు లేకుండా అద్దంలా మెరిసింది ఈ పొర మీద పాలిష్ వల్లే. 2013లో ఆ సంస్థ రంగు మార్చుకునే దాకా అదే వాటి గుర్తు.

అయితే ఆల్‌క్లాడ్ రేకులకే పనికొస్తుంది. రెక్కల్లోని దూలాలు, చక్రాల కాళ్ల బిగింపులు దిమ్మెల నుంచి చెక్కినవి. వాటికి రేకు అతికించలేరు. 1923లో బ్రిటన్‌లో బెంగో, స్టువర్ట్ అనే ఇద్దరు ఇంకో దారి పట్టారు. సముద్రం మీద దిగే విమానాల డ్యూరాలుమిన్ భాగాలను క్రోమిక్ ఆమ్లంలో ముంచి కరెంటు పంపారు. పుట్టుకతో ఉన్న ఆక్సైడ్ పొర వందల రెట్లు మందమైంది. ఇదే అనోడైజింగ్. ఇది బయటినుంచి పూసిన పూత కాదు, చెట్టుకు బెరడులా లోహంలోంచే పెరిగింది. సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టు గదుల్లా నిలువుగా సన్నని గొట్టాలు కనిపిస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే తేమ దిగుతుంది. అందుకని ఆఖర్న మరిగే నీళ్లలో ముంచుతారు. నీళ్లు పట్టిన ఆక్సైడ్ ఉబ్బి గొట్టాల మూతులు మూసేస్తుంది. వంటింట్లో నల్లగా ఉండే హార్డ్ అనోడైజ్డ్ కుక్కర్లు ఈ పద్ధతికి దగ్గరి చుట్టాలు.

పూతల పనిలో సగం శుభ్రం చేయడమే. నూనె మరక ఒక్కటి మిగిలినా పూత అక్కడ పట్టదు. వర్క్‌షాపులో దీనికి వాడే పరీక్ష ఎంతో సులువైంది. కడిగిన భాగాన్ని నీళ్లలోంచి పైకెత్తి చూస్తారు. నీళ్లు తెగకుండా పలచని తెరలా జారితే శుభ్రమైనట్టు. తామరాకు మీది బొట్టులా ఎక్కడైనా ముద్దకట్టి నిలిస్తే అక్కడ జిడ్డు ఉన్నట్టు, మళ్లీ మొదటినుంచీ కడగాలి. ఎన్ని యంత్రాలు వచ్చినా పనివాడు ఆ నీటి తెరను కళ్లప్పగించి చూసే ఆ అరనిమిషానికి ప్రత్యామ్నాయం రాలేదు.

అనోడైజ్ చేసిన పొర మీద ప్రైమర్, ఆపైన టాప్‌కోట్. ప్రయాణికుడికి కనిపించేది ఈ పై రంగు ఒక్కటే, కానీ తుప్పుతో నిజంగా పోరాడేది కింద దాగిన పసుపు, ఆకుపచ్చ ప్రైమర్. అందులో దశాబ్దాలుగా రాజ్యమేలింది క్రోమేట్. ఆరు వేలన్సీల క్రోమియం ఉన్న ఈ లవణం చేసే పని చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. రంగు గీసుకుపోయి లోహం బయటపడిందనుకుందాం. తేమ అక్కడికి చేరుతుంది. అదే తేమ ప్రైమర్‌లోని క్రోమేట్‌ను కొద్దిగా కరిగించి గీత దాకా మోసుకెళ్తుంది. అక్కడ క్రోమేట్ రూపు మారి, కరగని మూడు వేలన్సీల క్రోమియం పొరగా గడ్డకట్టి లోహాన్ని కప్పేస్తుంది. చెరువుగట్టుకు గండి పడితే, తెంచిన నీళ్లే మట్టి మోసుకొచ్చి గండి పూడ్చినట్టు.

ఇంత మంచి మందు మనిషికి విషం. ఆరు వేలన్సీల క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. పాత క్రోమియం తొట్ల దగ్గర ఏళ్లతరబడి పనిచేసినవాళ్లకు ముక్కు మధ్య గోడకే చిల్లు పడేది. ప్రైమర్ స్ప్రే చేసేవాళ్లకు, ఆ తర్వాత పాత రంగును ఇసుక కాగితంతో గీకేవాళ్లకు ఆ ధూళి ఊపిరిలోకి వెళ్తుంది. ప్రయాణికుల ప్రాణాలు కాపాడిన ఆ పొరల వెనక పేరు లేని పెయింటర్ల ఊపిరితిత్తులు ఉన్నాయన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా తక్కువ చెప్పుకున్న సంగతి. 2006లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ పనిచోట గాలిలో అనుమతించే మోతాదును ఘన మీటరుకు 52 మైక్రోగ్రాముల నుంచి 5కు దించింది. ఐరోపాలో క్రోమియం ట్రయాక్సైడ్‌ను ప్రత్యేక అనుమతి లేకుండా వాడటానికి 2017 సెప్టెంబరు 21 ఆఖరి గడువైంది. ఈ విషం పనిచోటు దాటి కూడా వెళ్లింది. చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోని తమిళనాడు రాణిపేటలో మూతపడ్డ క్రోమేట్ కర్మాగారం వదిలేసిన వ్యర్థాలు లక్ష టన్నులకు పైనే. వాన పడినప్పుడల్లా అందులోంచి పసుపు నీళ్లు దిగి భూగర్భ జలాన్ని పాడుచేశాయి.

మరి క్రోమేట్‌ను వదిలేయడానికి ఇన్నేళ్లు ఎందుకు పడుతోంది? ఒక పూతను మార్చడమంటే డబ్బా మార్చడం కాదు. ఏ భాగానికి ఏ రసాయనం, ఎంతసేపు, ఎంత వేడిలో అన్నది ఆ భాగం డ్రాయింగ్‌లోనే రాసి ఉంటుంది. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల మొండేలు, సీ-130జే రవాణా విమానాల తోకలు తయారవుతున్నాయి. అలాంటి చోట ఏ వర్క్‌షాపైనా సొంతంగా ఒక్క అంకె మార్చలేదు. కొత్త పూతను ఐదు శాతం ఉప్పు నీటి పొగలో, 35 డిగ్రీల వేడిలో వందల, వేల గంటలు ఉంచి చూడాలి. అక్కడ నెగ్గినా, ముప్పై ఏళ్లు ఎండకూ చలికీ సముద్రపు గాలికీ ఆగుతుందని ఏ పెట్టె పరీక్షా పూచీ పడదు.

అయినా మార్పు వస్తోంది. అమెరికా నౌకాదళ పరిశోధకులు మూడు వేలన్సీల క్రోమియంతో పూతను రూపొందించారు. లిథియం లవణాలు కలిపిన ప్రైమర్లు వచ్చాయి. అవి కూడా గీత దగ్గరికి కరిగి వెళ్లి కొత్త పొర కట్టగలవు. ఇక అనోడైజింగ్‌లో క్రోమిక్ ఆమ్లం స్థానంలో ఎయిర్‌బస్ తెచ్చినది గంధకామ్లం, టార్టారిక్ ఆమ్లాల మిశ్రమం. చింతపండుకు పులుపు వచ్చేది ప్రధానంగా ఈ టార్టారిక్ ఆమ్లం వల్లే. చారు గిన్నెను తొలిచిన పులుపు, కరెంటు తోడుగా తొట్టెలో చేరి ఈ రోజు విమానం భాగాలకు కవచం పెంచడంలో పాలుపంచుకుంటోంది.

అల్యూమినియం కన్నా తేలికైన లోహం ఇంకొకటుంది. గీజర్ బాగుచేసేవాడు ట్యాంకు విప్పి బయటికి తీసే కడ్డీని చాలామంది చూసే ఉంటారు. కొత్తగా బొటనవేలి లావున ఉండే కడ్డీ, రెండుమూడేళ్లకు పురుగు తిన్న పుల్లలా, మధ్యలో ఇనుప తీగ బయటపడి వస్తుంది. అది మెగ్నీషియం. ట్యాంకు ఉక్కు తుప్పు పట్టకుండా తానే ముందు కరిగిపోవడానికి దాన్ని పెడతారు. ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు తూగే ఆ లోహంతోనే హెలికాప్టర్ల గేర్‌బాక్స్ తొడుగులు పోతపోస్తారు. బ్లాక్ హాక్ హెలికాప్టర్‌కు రెక్కలు తిప్పే ప్రధాన గేర్‌బాక్స్ తొడుగు మెగ్నీషియం మిశ్రలోహమే. కరిగిపోవడమే గుణంగా ఉన్న లోహం సముద్రం మీద ఎగిరే యంత్రానికి గుండెను మోస్తోంది.

దీని కష్టాన్ని పిల్లింగ్, బెడ్‌వర్త్ 1923లో చిన్న లెక్కతో తేల్చారు. అల్యూమినియం ఆక్సైడ్‌గా మారితే పరిమాణం 1.28 రెట్లవుతుంది. కాబట్టి పొర ఒత్తుగా కప్పుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ పరిమాణం లోహంలో 0.81 వంతే. వేసవిలో ఎండిన చెరువు అడుగులా అది కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోంచి ఉప్పు నీరు నేరుగా లోహాన్ని చేరుతుంది. ఇనుము, నికెల్, రాగి పదిలక్షల్లో కొద్ది భాగాలు కలిసినా తుప్పు వేగం ఎన్నో రెట్లు పెరుగుతుందని 1942లో డౌ కంపెనీ పరిశోధకులు చూపించాక, లోహాన్ని శుద్ధి చేయడంలో జాగ్రత్త పెరిగింది. ఆ తర్వాతి పని మళ్లీ పూతలదే.

అందులో చూడ్డానికి ముచ్చటైనది మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్. భాగాన్ని క్షార ద్రావణంలో వేలాడదీసి వందల వోల్టుల కరెంటు పంపుతారు. కాసేపటికి ద్రావణంలో వేల సన్నని నిప్పురవ్వలు భాగం ఒంటి మీద పరుగులు తీస్తాయి. నీళ్లలో ముంచినా ఆరని కాకరపువ్వొత్తి అన్నట్టుంటుంది. ఒక్కో రవ్వ తగిలిన చోట క్షణంపాటు వేల డిగ్రీల వేడి పుట్టి, ఆక్సైడ్ కరిగి పింగాణీలా గడ్డకడుతుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం ఈ పద్ధతి మీద ఏళ్లుగా పనిచేస్తోంది. అదే కేంద్రంలో ఇంకో ప్రయోగం కూడా జరిగింది. హలోయ్‌సైట్ అనే బంకమట్టిలో సహజంగా ఉండే నానోగొట్టాల్లో సీరియంలాంటి మందు నింపి, మూతలు బిగించి పూతలో కలిపారు. గీత పడి తుప్పు మొదలైనచోట మూత తెరుచుకుని మందు బయటికొస్తుంది. క్రోమేట్ చేసే పనిని విషం లేకుండా చేయించాలన్నది ఆ ప్రయత్నం.

ఇప్పటికే తుప్పు తిన్న తొడుగులను పారేయకుండా బాగుచేసే దారి కోల్డ్ స్ప్రే. 1980లలో సోవియట్ నోవోసిబిర్స్క్‌లో పుట్టిన ఈ పద్ధతిలో అల్యూమినియం పొడిని కరిగించకుండా, ధ్వనిని మించిన వేగంతో గుంట మీదికి కొడతారు. రేణువులు ఆ దెబ్బకే చదునై అతుక్కుంటాయి. మెగ్నీషియానికి గిట్టని వేడి బెడద ఉండదు. అమెరికా సైన్యం బ్లాక్ హాక్ గేర్‌బాక్స్ తొడుగులను ఇలా తిరిగి వాడుకలోకి తెచ్చింది.

ఎంత గొప్ప పూతకైనా అసలు గండం బోల్టు దగ్గరే. మెగ్నీషియం తొడుగులోకి ఉక్కు బోల్టు నేరుగా దిగితే, వాటి మధ్య చేరిన వాన చుక్క ఒక్కటి చాలు బ్యాటరీ మొదలవడానికి. అందుకని మెకానిక్ ముందు బోల్టు మర మీద, కన్నంలో సీలెంట్ పూస్తాడు. బోల్టు తలకూ తొడుగుకూ నడుమ అల్యూమినియం వాషర్ వేస్తాడు. సీలెంట్ తడిగా ఉండగానే బిగిస్తాడు. చుట్టూ సన్నని తెల్లటి వలయంలా సీలెంట్ పొంగి బయటికి రావాలి. ఎక్కడైనా ఆ వలయం తెగితే బోల్టు విప్పి, తుడిచి, మళ్లీ పూస్తాడు. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఎగిరొచ్చిన హెలికాప్టర్‌ను మంచినీళ్లతో కడిగాక, టార్చ్ పట్టుకుని అతను మొదట వెతికేది ఆ వలయాన్నే.